రాలిన ఒక్క పోగు

కాగితం మడత విప్పితే లోపల అరంగుళం పొడవున్న తెల్లటి నైలాన్ పోగు. అంతే. అయినా అత్తగారూ, మామగారూ, కోడలూ బల్ల చుట్టూ చేరి దాన్ని తేలుపిల్లను చూసినట్టు చూశారు.

"ఆస్పత్రిలో పాలపీక కన్నంలో ఇరుక్కుని దొరికిందట," అన్నాడు కొడుకు. "వార్డు ఆయాకి పీకని వెలుతురుకెత్తి చూసే అలవాటుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే నెలలు నిండకుండా పుట్టిన పిల్ల గొంతులోకి పోయేది. హెడ్ నర్సు నన్ను నిలబెట్టి కడిగేసింది. ఇచ్చిన పన్నెండు బ్రష్షులూ సంచిలో పడేసి చేతికిచ్చింది."

సంచి బల్ల కింద ఉంది. దానివైపు ఎవరూ చూడలేదు.

ఆ ఇంటి ముందు రెండు గదులూ బ్రష్షుల కార్ఖానా, వెనక మూడు గదులూ కాపురం. ముప్పై ఏళ్ళుగా అక్కడ జాడీలు తోమే బ్రష్షులు, గొట్టాలు తోమే బ్రష్షులు, తూములు తోమే బ్రష్షులు తయారవుతున్నాయి. రెండు తీగల మధ్య నైలాన్ పోగుల్ని వరసగా పేర్చి, తీగల్ని మెలితిప్పితే పోగులు ఆ పురిలో బిగిసి చుట్టూ విచ్చుకుంటాయి. ఆ మెలితిప్పే మరని మామగారు వయసులో ఉండగా సొంతంగా కట్టుకున్నారు. ఇంట్లో దాన్ని పురిమర అంటారు. దాని పిడి ఆయన తప్ప ఇంకొకరు తిప్పి ఎరగరు.

పసిపిల్లల వార్డు కోసం పాలసీసా బ్రష్షు చెయ్యాలన్న ఆలోచన మాత్రం కోడలిది. కూతురు పోతపాలు తాగే రోజుల్లో సీసా అడుగున, అంచు మలుపులో పేరుకునే పాలతెట్టుతో ఆమె పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఎంత తోమినా ఒకటే పులుపు వాసన. బజారు బ్రష్షు ఆ మలుపులోకి పోదు, పోయినా కొసన ఉన్న తీగ సీసాని గీకుతుంది, ఆ గీతల్లో మళ్ళీ పాలు చేరతాయి. ఏడేళ్ళ తర్వాత, కూతురు రెండో తరగతికొచ్చాక, ఆమె గళ్ళ నోటుపుస్తకం తీసి ఆ సీసా బొమ్మ గీసింది. మెడ దగ్గర పొట్టి పోగులు, బొజ్జ దగ్గర పొడుగు పోగులు, కొసన తీగ మీదుగా గొడుగులా విచ్చుకునే చిన్న కుచ్చు. నాలుగు నెలల్లో పధ్నాలుగు రకాలు చేసి చూసింది. అన్నిటికీ పిడి తిప్పింది మామగారే.

"హెడ్ నర్సు సాయంత్రం నాలుగింటికి ఇంకొక్కసారి చూస్తానంది," అన్నాడు కొడుకు భార్యతో, చెప్పులు వేసుకుంటూ. "తనే దగ్గరుండి కడిగిస్తుందట. ఈసారి ఒక్క పోగు రాలినా మన మొహం చూడదు. నా మాట కూడా విను. రాలితే ఈ తయారీ ఇంక వద్దు. తయారైన సరుకు తెచ్చి అమ్ముకుందాం. పాతసామాన్ల వాడికి కబురు పెట్టాను, అయిదింటికి వస్తాడు."

"దేనికి?" అన్నారు అత్తగారు, తెలియనట్టు.

"పురిమరకి."

మామగారు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నారు. కిందటి వానాకాలం నుంచి ఆ చెయ్యి వణుకుతోంది. ఆయనది ఎడమచేతి వాటం. రాయడం, సుత్తి పట్టడం, మర పిడి తిప్పడం అన్నీ దానితోనే. ఆ ఇంట్లో ఆయన టీ గ్లాసు ఎడమవైపు పెట్టాలని కోడలు కాపురానికొచ్చిన వారంలోనే నేర్చుకుంది. ఇప్పుడు ఆ గ్లాసు సగమే నింపి ఇస్తోంది.

కొడుకు సరుకు సంచీలు బండికి తగిలించుకుని దుకాణాల వైపు వెళ్ళిపోయాడు. తండ్రి చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అన్నంత పనైంది.

"అమ్మాయీ," అన్నారు మామగారు కాసేపటికి. "వాడన్నది నిజమే. చెయ్యి వణికితే పురి సడలదూ? నువ్వు గీసిన బొమ్మలో లోపం లేదు. నాలో ఉంది."

"మర చక్రం వెనక్కి రాదు కదా మామయ్యా. ఒక్కో పన్నూ దాటగానే కొక్కెం టక్కున అడ్డుపడుతుంది. ఇరవయ్యెనిమిది చప్పుళ్ళు నేను లెక్కపెట్టాకే ఆపమన్నాను. మీ చెయ్యి వణికినా, పిడి వణికినా, పురి బిగువు మాత్రం ఇరవయ్యెనిమిది పళ్ళంతే."

"మరెందుకు రాలింది?"

గోడ గడియారం పది దాటింది.

కోడలు సంచి బల్ల మీద బోర్లించి, పన్నెండు బ్రష్షుల్నీ కిటికీ దగ్గర వరసగా పేర్చి భూతద్దం తీసింది. తొమ్మిదింటిలో నడుమ భాగాన తీగ మెలికల మధ్య సందు కనిపిస్తోంది. పట్టకారుతో పోగుని లాగితే పెద్దగా బతిమాలించుకోకుండానే ఊడి వచ్చింది. అదే రోజు, అదే తీగతో, అదే చేత్తో చేసిన మరో రెండు బ్రష్షులు వంటింట్లో నెల రోజులుగా వాడుకలో ఉన్నాయి. వాటిని తెచ్చి చూసింది. పురి కొత్త తాడులా బిగుతుగా ఉంది. పట్టకారు జారిపోయింది గాని పోగు రాలేదు.

నోటుపుస్తకం తిరగేసింది. మరుగు నీళ్ళలో ఇరవైసార్లు ముంచడం, రాలినవి సున్నా. సీసాలో మూడొందలసార్లు పైకీ కిందికీ ఆడించడం, రాలినవి సున్నా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. ఎంత శ్రద్ధగా రాసుకుందో అంత ఒళ్ళు మండింది.

"వార్డులో ఏం చేస్తున్నారు వీటిని? నేల తుడుస్తున్నారా?" అంది పైకే.

"సీసాలు కడిగేవాళ్ళకి నీలాగా పుస్తకం చూసి కడిగే తీరిక ఉంటుందా?" అన్నారు అత్తగారు. "గబగబా కడిగి పడేస్తారు. ఏదీ, ఇలా ఇవ్వు."

వార్డు నుంచి తెచ్చిన నమూనా సీసాలు ఆరున్నాయి. పెరట్లో తొట్టి దగ్గర పీటేసుకుని అత్తగారు వంటింటి బ్రష్షుతో మొదలుపెట్టారు. పైకీ కిందికీ, కవ్వం ఆడినంత జోరుగా. ఆరు సీసాలు, మళ్ళీ ఆరు, మళ్ళీ ఆరు. కోడలు ఆ నీళ్ళన్నీ పాత గొడుగు తాలూకు నల్ల గుడ్డలోంచి వడకట్టింది. తెల్లపోగు ఒక్కటీ లేదు.

పదకొండున్నర. పన్నెండు. మరో బ్రష్షు, మళ్ళీ అదే తంతు. ఏమీ రాలలేదు. రాలకపోతే ఇంత చిరాకేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తప్పు ఎక్కడుందో తెలియకుండా నాలుగింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? కొత్తవి చేసినా అవీ ఇలాంటివే అవుతాయిగా.

"నా నడుము పోయింది," అన్నారు అత్తగారు లేస్తూ. "ఏమండీ, ఊరికే చూస్తూ కూర్చోకపోతే ఓ చెయ్యి వెయ్యొచ్చుగా."

మామగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. కుడిచేత్తో సీసా పట్టుకుని, ఎడమచేత్తో బ్రష్షు లోపలికి పెట్టి, వణుకుతున్న వేళ్ళతోనే తిప్పడం మొదలుపెట్టారు.

"తిప్పుతున్నారు! చూడు, తిప్పుతున్నారు!" అత్తగారు అరిచారు. "బ్రష్షుని తిప్పకూడదు, పొడవాలి అని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఈ ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు."

"నేనెప్పుడూ తిప్పే కడుగుతానే," అన్నారాయన. "నాకు ఎప్పుడూ ఏమీ రాలలేదు."

"నా చేతిలో రాలేవి. కాపురానికొచ్చిన కొత్తలో జాడీ తోమితే పచ్చట్లో పోగులు. అందుకే పొడవడం మొదలుపెట్టాను. కోడలికీ అదే నేర్పాను."

కోడలి చేతిలోని నల్ల గుడ్డ కిందికి జారింది. ఒకే బ్రష్షు. ఆయన తిప్పితే రాలదు, ఈవిడ తిప్పితే రాలుతుంది.

ఆమె మాట్లాడకుండా వెళ్ళి మామగారికి ఎదురుగా తొట్టి అవతల గొంతుక్కూర్చుంది. ఎడమచేత్తో సీసా, కుడిచేత్తో రెండో వంటింటి బ్రష్షు. అద్దంలో ఒకే మనిషి రెండుసార్లు కనిపించినట్టున్నారు ఇద్దరూ. "తిప్పండి మామయ్యా," అంది. ఆయన అటు తిప్పారు, ఆమె ఇటు తిప్పింది. ఒక సీసా. రెండు. మూడు. ఆమె నాలుగో సీసా నీళ్ళు గుడ్డ మీద ఒంపగానే నల్లటి తడిలో తెల్లగా, అరంగుళం పొడవున, ఒకటి.

మామగారు దాన్ని చూశారు. ఆమె చేతిలోని బ్రష్షు తీసుకుని తీగ మెలికల మీద బొటనవేలు నడిపించారు. తర్వాత కూర్చున్నచోటి నుంచే వరండాలోని పురిమర పిడి వైపు చూశారు.

"నా చేతికి అనువుగా కట్టుకున్నాను," అన్నారు మెల్లగా. "పిడి నావైపు పడాలని చక్రాన్ని అటు బిగించాను. పురి అటే పడింది. నేను తిప్పినప్పుడల్లా బిగుస్తుంది. మిగతా లోకం తిప్పినప్పుడల్లా వీడుతుంది." కాసేపాగి, "ముప్పై ఏళ్ళు," అన్నారు.

అత్తగారు ఏదో అనబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నారు. ఆవిడ నోరు మూసుకోవడం ఆ ఇంట్లో అరుదు.

"మామయ్యా, ఒంటిగంట దాటింది. చక్రాన్ని ఇటు తిప్పేలా మార్చొచ్చా?"

"కొక్కెం తీసి తిరగేసి బిగించాలి. పళ్ళు రెండువైపులా ఒకేలా కోశాను, పట్టుకుంటుంది. కాని ఆ బోల్టు నేను బిగించాక విప్పిందే లేదు."

విప్పిందే లేదన్న మాట నిజమేనని అది నిరూపించింది. నూనె పోశారు. కాసేపు ఆగారు. మళ్ళీ పోశారు. పానా జారి గోడకి కొట్టుకుంది. రెండున్నరకి మామగారి వణికే చెయ్యి మీద కోడలు తన రెండు చేతులూ వేసింది. ఇద్దరూ పళ్ళు బిగించి లాగితే, బోల్టు కీచుమని అరిచి కదిలింది.

కొక్కెం తిరగబడింది. మామగారు పిడి పట్టుకుని కొత్త దిక్కుకి తిప్పబోయారు. చెయ్యి పాత దిక్కుకే పోయింది. కొక్కెం టక్కున అడ్డుపడింది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే. ఆయన పిడి వదిలేసి పక్కకి జరిగారు.

"నువ్వు తిప్పు."

"నేను తిప్పితే పోగులెవరు పేరుస్తారు?" ఇన్నాళ్ళూ ఆ పని ఆమెది. అది రెండు చేతుల పని, తిప్పుతూ పేర్చడం కుదరదు.

"నీకు ముందు ఇరవై ఏళ్ళు పేర్చిందెవరు?" అన్నారు అత్తగారు. లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నారు. "అక్షరాలు కనిపించవుగాని, పోగులు వేళ్ళకి తెలుస్తాయి. జరుగు. నీ గొడుగుకుచ్చు మాత్రం ఎలాగో చెప్పు, అది మా కాలంలో లేదు."

మొదటి బ్రష్షు మెడ దగ్గర వంకర పోయింది. మామగారు ఇటూ అటూ తిప్పి చూసి పక్కన పడేశారు. రెండోది నిలిచింది. ఇరవయ్యెనిమిది చప్పుళ్ళు ఆయనే లెక్కపెట్టారు, పైకి, ఒక్కొక్కటీ. మూడోదీ నిలిచింది. మూడుంబావు. నాలుగోదానికి సమయం లేదు.

ఆమె కుడిచేత్తో గబగబా ఆరు సీసాలు తిప్పి కడిగింది. గుడ్డ నల్లగానే ఉంది. మూడొందలసార్లు చూడకుండా ఆమె ఏదీ గడప దాటించలేదు. ఈసారి ఆరే.

"నేనూ వస్తాను," అన్నారు మామగారు, చొక్కా మార్చుకుని.

ఇద్దరూ బస్సెక్కారు. సంచిలో రెండు కొత్త బ్రష్షులు, నల్ల గుడ్డ. ఎందుకో తెలియకుండానే మామగారు తిప్పిన వంటింటి బ్రష్షు కూడా అందులో వేసుకుంది. వార్డు మెట్ల దగ్గర మామగారు ఆగిపోయారు. "నేనిక్కడ బెంచీ మీద ఉంటాను. లోపల నా చెయ్యి చూస్తే వాళ్ళకి ఉన్న నమ్మకం కాస్తా పోతుంది," అన్నారు.

కడిగే గది ఇరుగ్గా, వేడిగా ఉంది. గోడకి మేకుల వరస, మేకులకి ఏప్రాన్లు. అద్దాల తలుపు అవతల ఎవరో పసికందు సన్నగా, ఆగి ఆగి ఏడుస్తోంది. హెడ్ నర్సు సన్నటి మనిషి. జుట్టులో ఒక్క పాయ కూడా చెదరలేదు. పక్కన ఇరవై సీసాలు బారుతీర్చి ఉన్నాయి.

"మీవారు రాలేదా?"

"చేసింది నేనేనండి. అందుకని నేనే వచ్చాను."

"మంచిది. తిట్టాల్సొస్తే మధ్యలో మనుషులుండరు." చేతులు కడుక్కుని బ్రష్షు అందుకుంది. కోడలు నల్ల గుడ్డ గిన్నె మీద పరిచింది. హెడ్ నర్సు ఆ గుడ్డని చూసి కనుబొమ్మ ఎత్తింది గాని ఏమీ అనలేదు.

కుడిచెయ్యి. తిప్పుతోంది. కోడలు ఆ మణికట్టునే చూస్తోంది. ఒకటి. రెండు. ప్రతి సీసా నీళ్ళూ గుడ్డ మీద పడుతున్నాయి, ప్రతిసారీ హెడ్ నర్సు వంగి చూస్తోంది. ఎనిమిది. తొమ్మిది. పదకొండో సీసాకి నల్ల గుడ్డ మీద తెల్లగా ఏదో మెరిసింది.

హెడ్ నర్సు గోటితో దాన్ని పైకి తీసింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. అది మెత్తగా కరిగిపోయింది.

"పాలతెట్టు," అంది. "అడుగు మలుపులోది. మా పాత బ్రష్షు దీన్ని ఎప్పుడూ పైకి తేలేదు."

ఇరవయ్యో సీసా అయ్యింది. గుడ్డ మీద ఏమీ లేదు. హెడ్ నర్సు బ్రష్షుని కిటికీ వెలుగులో పట్టి చూసింది. "బాగుంది. వారానికి పన్నెండు పంపండి. ఇదిగో, ఆయా! ఇవి నీకు. మిగతా సీసాలు దీంతో కడిగెయ్."

లోపలికొచ్చిన ఆయా లావుపాటి, నవ్వు మొహం మనిషి. "పాలపీకలో ఆ వెంట్రుక దొరికింది నాకేనమ్మా," అంది కోడలితో, ఏదో చుట్టరికం చెప్పినట్టు. ట్రేలోంచి సీసా తీసి కుడిచేత్తో పట్టుకుంది. బ్రష్షు ఎడమచేత్తో అందుకుంది.

కోడలు ఆ ఎడమచేతినే చూసింది.

నోరు తెరవకపోతే ఏమవుతుంది? ఈ రోజు ఏమీ కాదు. వారం తర్వాత మెలికల మధ్య సందు పడుతుంది. ఈ ఆయా వెలుతురుకెత్తి చూస్తుంది. చూడని రోజు ఒకటుంటుంది. ఇంట్లో అయిదింటికి పాతసామాన్ల వాడు వస్తాడు. అద్దాల తలుపు అవతల పసికందు మళ్ళీ ఏడుపందుకుంది.

"ఆగండి," అంది. "మీరు దాంతో తోమకండి."

హెడ్ నర్సు వెనక్కి తిరిగింది. కోడలు దాచకుండా చెప్పింది. తాడు పురిలాగే తీగకీ పురి ఉంటుందని, ఇది కుడిచేత్తో తిప్పేవాళ్ళకి బిగుస్తుందని, ఎడమచేత్తో తిప్పేవాళ్ళకి వీడుతుందని, ముందు పంపినవన్నీ తిరగేసి చేసినవని, ఆ తప్పు తమదేనని.

"నేను చెప్పలేదూ మేడమ్!" ఆయా సీసా దించేసింది. "నా చేతిలో ఒక్కటీ రాలలేదు, కడిగే మిగతా ఇద్దరి చేతుల్లోనే రాలుతున్నాయని చెప్తే, పనిదొంగ కబుర్లు చెప్పకు అన్నారు."

హెడ్ నర్సు ఆయావైపు చూడలేదు. "అంటే చేతిని బట్టి బ్రష్షు మారాలా? ఇది పిల్లల వార్డమ్మా. హడావిడిలో ఎవరికేది దొరికితే అది పట్టుకుంటారు."

"నిజమేనండి." అంతకంటే ఏం చెప్పాలో కోడలికి తోచలేదు. సంచిలోంచి వంటింటి బ్రష్షు తీసి ఆయా చేతికిచ్చింది. "ఇది మీ చేతికి సరిపోతుంది."

ఆయా అయిదు సీసాలు తిప్పి కడిగింది. ఒక్కో సీసా నీళ్ళూ తనే గుడ్డ మీద ఒంపింది. హెడ్ నర్సు వంగి చూసింది. తర్వాత గోడకున్న మేకుల వరస వైపు, ఆయా ఎడమచేతి వైపు, మళ్ళీ మేకుల వైపు చూసింది.

"కడిగేది ముగ్గురు. ఎడమచెయ్యి ఇదొక్కతే," అంది చివరికి. "ఆ చివర మేకు దీనిది. దీని బ్రష్షు పిడి ఎర్రగా ఉండాలి, దూరం నుంచి కనిపించేంత ఎర్రగా. ఎర్రది వేరే మేకుకి కనిపించిందా, రెండు రకాలూ కలిపి మీ ఇంటికి పంపేస్తాను. వారానికి పదకొండు మామూలువి, ఒకటి ఎర్రది."

"సరేనండి."

"ఇంకో మాట. అడక్కుండానే చెప్పావు. మొదట్లోనే చెప్పుంటే ఇంకా బాగుండేది."

"మొదట్లో మాకే తెలియదండి," అంది కోడలు.

బయట బెంచీ మీద మామగారు ఎడమచేతిని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని కూర్చున్నారు. ఆమె అడుగుల చప్పుడుకి తలెత్తలేదు.

"ఎన్ని రాలాయి?"

"ఒక్కటీ లేదు మామయ్యా. వారానికి పన్నెండు. అందులో ఒకటి మీ పురితో కావాలట."

"నా పురితోనా? ఎవరికి?"

"లోపల మీలాంటి ఆవిడ ఒకరున్నారు. వెంట్రుక పట్టుకున్న ఆవిడే."

ఆయన చెయ్యి మోకాళ్ళ మధ్య నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది వణుకుతూనే ఉంది.

కోడలు ఇంటికి ఫోను చేసింది. అత్తగారు మొదటి మోతకే ఎత్తారు. "ఆ పాతసామాన్ల వాడు అప్పుడే వచ్చి కూర్చున్నాడే! మర చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నీ మొగుడూ వచ్చి గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఏమైందో చెప్పి చావు!"

"ఒప్పుకున్నారత్తయ్యా."

వెంటనే అత్తగారి గొంతు, ఫోనుకి కాదు, ఇంట్లోకి: "ఒరేయ్, వాడికి పెరట్లో చిల్లు బకెట్లు చూపించు! మర జోలికి రావద్దని చెప్పు!"

మామగారికి ఆ అరుపు ఫోనులోంచి బెంచీ దాకా వినిపించింది. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు.

"ఆ ఎర్రదానికి కొక్కెం మళ్ళీ తిరగెయ్యాలి కదమ్మా," అన్నారు. "వారానికోసారి ఆ బోల్టుతో కుస్తీ."

"ఈసారి గట్టిగా బిగించకండి."

"బిగించను. ఆ ఒక్కటీ మాత్రం నేనే తిప్పుతాను. లెక్క నువ్వు పెట్టు."

బస్సు వచ్చే వైపు చూస్తూ ఇద్దరూ నిలబడ్డారు. ఆయన ఎడమచెయ్యి గాలిలోనే పిడి పట్టుకున్నట్టు మెల్లగా తిరుగుతోంది, తన పాత దిక్కుకే.